టైటానియం డ్రైవర్ కొనడం, వాడుకోవడం

డ్రైవర్, అంటే గోల్ఫ్‌లో బంతిని అన్నిటికన్నా దూరం కొట్టడానికి వాడే క్లబ్, కొనడానికి వెళ్లిన గోల్ఫర్ సాధారణంగా ఓ గంపెడు బంతులు కొట్టి, వాటిలో అన్నిటికన్నా దూరం పోయిన బంతిని మనసులో పెట్టుకుని, ఆ క్లబ్బుకే డబ్బు కట్టి వచ్చేస్తాడు. ఆ ఒక్క బంతి ఫేస్, అంటే బంతిని తాకే ముందు భాగం, నడిమధ్యన తగిలి ఉంటుంది. ఈనాడు దొరికే ఏ మంచి టైటానియం డ్రైవర్‌తో కొట్టినా, నడిమధ్యన తగిలిన బంతి ఇంచుమించు అంతే దూరం పోతుంది. ఫేస్ బంతిని ఎంత బలంగా తన్నవచ్చునో నిబంధనలు 20 ఏళ్లకు పైగా కట్టడి చేసి ఉంచాయి మరి. క్లబ్బుకూ క్లబ్బుకూ మధ్య ఉన్న తేడా మధ్య తప్పిన దెబ్బల్లోనే బయటపడుతుంది. అందువల్ల డ్రైవర్‌ను బేరీజు వేసేటప్పుడు మీ చెడ్డ బంతి ఎక్కడ పడిందో చూడాలి. ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. కుడి, ఎడమ అని చెప్పిన చోటల్లా కుడిచేతివాటం వారిని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎడమచేతివాటం వారు వాటిని తారుమారు చేసుకుని చదువుకోవాలి.

టైటానియం వల్ల ఒరిగేదేమిటి

టైటానియం ఘనపు సెంటీమీటరుకు సుమారు 4.5 గ్రాములు తూగుతుంది, ఉక్కు 7.8 గ్రాముల దాకా తూగుతుంది. క్లబ్ కొసన ఉండే ముద్ద వంటి భాగమైన డ్రైవర్ హెడ్ బరువు 200 గ్రాములకు అటూ ఇటూగా ఉండాలి, అంతకు మించితే షాఫ్ట్ అనే పొడవాటి కడ్డీ కొసన దాన్ని వేగంగా తిప్పడం కష్టమవుతుంది. ఆ 200 గ్రాముల ఉక్కుతోనే హెడ్‌ను పెద్దది చేయబోతే గోడలు మరీ పలచబడి దెబ్బకు నిలవవు. టైటానియం తేలికైనది, పైగా దాని మిశ్రమలోహాలు గట్టివి, వంగి తిరిగి యథాస్థితికి వచ్చే గుణం ఉన్నవి. కాబట్టి అదే బరువులో హెడ్‌ను ఇంకా పెద్దది చేసి, మిగిలిన గ్రాములను తమకు కావలసిన చోట పెట్టుకునే వీలు తయారీదారులకు దొరికింది.

పర్సిమన్ చెక్కతో చేసిన డ్రైవర్ల కాలం పోయి, 1979లో టేలర్‌మేడ్ సంస్థ ఉక్కు హెడ్‌ను తెచ్చింది. 1991లో వచ్చిన క్యాలవే బిగ్ బెర్తా కూడా ఉక్కుదే. దాని పరిమాణం 190 ఘనపు సెంటీమీటర్లు మాత్రమే అయినా, అప్పట్లో అది బ్రహ్మాండమైన హెడ్ అనిపించుకుంది. అదే సంస్థ 1995లో గ్రేట్ బిగ్ బెర్తాను టైటానియంతో చేసి 250 ఘనపు సెంటీమీటర్ల వరకు తీసుకుపోయింది. ఆ తరువాత పదేళ్లలోపే హెడ్లు దాదాపు రెట్టింపు కావడంతో, గోల్ఫ్ నియమాలు నిర్ణయించే సంస్థలైన అమెరికాలోని యూఎస్‌జీఏ, స్కాట్లాండ్‌లోని ఆర్ అండ్ ఏ కలిసి 460 ఘనపు సెంటీమీటర్ల దగ్గర గీత గీశాయి. ఇప్పటి డ్రైవర్లలో ఎక్కువ భాగం ఆ గీతకు ఆనుకునే ఉంటాయి.

రెండో కట్టడి ఫేస్ మీద ఉంది. బంతి ఫేస్‌ను అంటుకుని ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు కాలం. ఆ లోపలే పలచటి టైటానియం ఫేస్ కొంచెం లోపలికి వంగి, తిరిగి పైకి లేస్తుంది. ఫేస్ వంగినంత మేరకు బంతి నలగడం తగ్గి, బంతిలో వృథా అయ్యే శక్తి మిగులుతుంది. ఈ గుణాన్ని కొలవడానికి ఒక ఉక్కు గుండును లోలకంలా ఊపి ఫేస్‌కు తగిలించి, అది ఎంతసేపు అంటుకుని ఉందో మైక్రోసెకన్లలో లెక్కిస్తారు. పరిమితి 239, దాని మీద 18 సడలింపు. అంటే 257 దాటిన హెడ్ పోటీలకు పనికిరాదు. పేరున్న సంస్థలన్నీ ఈ గీత అంచునే తిరుగుతున్నప్పుడు, నడిమధ్య దెబ్బకు ఒకరి క్లబ్ పాతిక గజాలు ఎక్కువ ఇస్తుందని ఎవరైనా చెబితే ఆ మాటను నవ్వి వదిలేయడమే మేలు.

హెడ్ మీద చెక్కిన మిశ్రమలోహం పేరుకు కూడా అంత విలువ ఇవ్వనవసరం లేదు. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మిశ్రమలోహం బాగా వాడుకలో ఉన్నది. చాలా హెడ్లలో ఒళ్లంతా పోతపోసిన టైటానియం, ఫేస్ మాత్రం విడిగా చేసి అతికించిన వేరే రకం టైటానియం. ఈ పేర్ల కోసం ఎక్కువ ధర పెట్టవలసిన పని లేదు. పైకప్పుకు, అంటే క్రౌన్‌కు, కార్బన్ వాడటం ఇప్పుడు మామూలే. 2022లో టేలర్‌మేడ్ ఫేస్‌ను కూడా కార్బన్‌తో చేసింది. ఇవన్నీ చేసే పని ఒకటే, పైనున్న బరువును తీసి కిందికి, అంచులకు చేర్చడం.

ఆ అంచుల బరువే చెడ్డ దెబ్బను కాపాడుతుంది. కావడి బద్దకు రెండు కొసలా బరువుంటే దాన్ని గిర్రున తిప్పడం కష్టం. అదే బరువును నడుమ కట్టి చూడండి, సులువుగా తిరుగుతుంది. హెడ్ కూడా అంతే. బంతి ఫేస్ కొసన తగిలినప్పుడు హెడ్ మెలి తిరగకుండా నిలబడితే బంతి వేగం తక్కువ పోతుంది, దారి తప్పడమూ తగ్గుతుంది. ఈ గుణాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో ఎంఓఐ అంటారు. దానికీ గ్రామ్-చదరపు సెంటీమీటర్ల లెక్కలో 5,900 అనే పరిమితి ఉంది. దుకాణంలో మిమ్మల్ని ఏదైనా అడగమంటే ఈ అంకె అడగండి. అది చెప్పలేని అమ్మకందారు ఫేస్ టెక్నాలజీ గురించి ఎంత చెప్పినా మీకు ఉపయోగం తక్కువ.

లాఫ్ట్ విషయంలో బింకం పనికిరాదు

ఫేస్ వెనక్కి వాలి ఉండే కోణాన్ని లాఫ్ట్ అంటారు. టైటానియం డ్రైవర్ వాడేవారి అనుభవాల్లో అన్నిటికన్నా తరచుగా వినిపించేది ఇది: 9 డిగ్రీల డ్రైవర్‌తో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవారు, ఎవరిదో 12 డిగ్రీల క్లబ్ చేతికి అందినప్పుడు కొట్టి చూసి, బంతి తిన్నగా, దూరంగా పోవడం చూసి ఆశ్చర్యపోవడం. తక్కువ లాఫ్ట్ అంటే మగతనం అన్న ఒక వింత నమ్మకం గోల్ఫర్లలో పాతుకుపోయింది. టెలివిజన్‌లో చూసే వృత్తి ఆటగాళ్లు 9 డిగ్రీలు వాడుతున్నారంటే, వారి హెడ్ గంటకు 110 మైళ్లకు పైగా వేగంతో వస్తుంది. గంటకు 85 లేదా 90 మైళ్లతో తిప్పేవారికి ఆ లాఫ్ట్ ఇస్తే బంతి గాలిలో నిలవక ముందుగానే కిందికి దిగిపోతుంది.

దీని వెనుక లెక్క ఇలా ఉంటుంది. బంతి ఎంత దూరం పోతుందన్నది బంతి వేగం, లేచే కోణం, వెనక్కి తిరిగే స్పిన్ అనే మూడింటి మీద ఆధారపడుతుంది. వేగం తక్కువున్నవారు బంతిని ఎత్తుగా లేపాలి, దాన్ని గాలిలో నిలపడానికి కొంత స్పిన్ కూడా కావాలి. వేగం ఎక్కువున్నవారికి ఎక్కువ స్పిన్ శత్రువు. బంతి పైకి లేచి లేచి ఆగిపోతుంది, ఎదురుగాలిలో అయితే మరీను. హెడ్ వేగం 85, 90 మైళ్ల దగ్గర ఉన్నవారికి 13 నుంచి 16 డిగ్రీల లేచే కోణం, నిమిషానికి 2,500 నుంచి 3,000 వరకు స్పిన్ సాధారణంగా నప్పుతాయి. దీన్ని సాధించడానికి 10.5 నుంచి 12 డిగ్రీల లాఫ్ట్ ఉన్న హెడ్‌తో మొదలుపెట్టాలి. అంతకన్నా నెమ్మదిగా తిప్పేవారు 12కు పైన చూడాలి. స్వింగ్ పైనుంచి కిందికి నరికినట్టు వచ్చేవారికీ లాఫ్ట్ ఎక్కువే కావాలి, కాకపోతే వారికి స్పిన్ కూడా పెరుగుతుంది కాబట్టి మొదట స్వింగ్ దిద్దుకోవడం మంచిది.

లాఫ్ట్ పెరిగితే ఇంకో మేలు ఉంది. ఫేస్ కొంచెం వాలుగా తగిలినప్పుడు బంతి పక్కకు వంగడానికి, బంతి మీద పడే స్పిన్ అక్షం ఒరగడమే కారణం. లాఫ్ట్ ఎక్కువైతే వెనక్కి తిరిగే స్పిన్ పాలు ఎక్కువై, ఆ అక్షం ఒరిగే కోణం తగ్గుతుంది. అదే తప్పుకు 12 డిగ్రీల క్లబ్‌తో వచ్చే స్లైస్, అంటే బంతి కుడికి బాగా వంగిపోవడం, 9 డిగ్రీల దానితో వచ్చేదానికన్నా చిన్నదిగా ఉంటుంది. స్లైస్‌తో విసిగిపోయి పాఠాలకు వెళ్లేవారు పాఠాలతో పాటు లాఫ్ట్ సంగతి కూడా చూసుకుంటే సగం బాధ అక్కడే తీరుతుంది.

ఇప్పుడు చాలా హెడ్లకు మెడ దగ్గర, అంటే హోజెల్ వద్ద, లాఫ్ట్ మార్చే స్లీవ్ ఉంటుంది. క్లబ్‌తో వచ్చే తాళంచెవితో దాన్ని తిప్పి ఒకటిన్నర, రెండు డిగ్రీల వరకు అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది: లాఫ్ట్ పెంచితే, క్లబ్బును నేల మీద ఆనించినప్పుడు ఫేస్ ఎడమకు మూసుకుంటుంది, తగ్గిస్తే కుడికి తెరుచుకుంటుంది. 10.5 డిగ్రీల హెడ్‌ను 9కి దించి, ఆ తరువాత బంతి కుడికి పోతోందని వాపోయేవారికి కారణం వారి చేతిలోని తాళంచెవే. హుక్‌తో, అంటే బంతి ఎడమకు బాగా వంగిపోవడంతో, బాధపడేవారు ఎక్కువ లాఫ్ట్ ఉన్న హెడ్ కొని కిందికి దించుకోవడం, స్లైస్‌తో బాధపడేవారు తక్కువ లాఫ్ట్ ఉన్నది కొని పైకి పెంచుకోవడం తెలివైన పని.

సోల్, అంటే హెడ్ అడుగు, మీద జరిపే బరువులు, హీల్ వైపు, అంటే షాఫ్ట్‌కు దగ్గరి కొసన, బరువు పెట్టి బంతి ఎడమకు వంగేలా చేసిన డ్రా రకం హెడ్లు కూడా ఉన్నాయి. అవి కొద్దిపాటి స్లైస్‌ను తగ్గిస్తాయి. ఫెయిర్‌వే, అంటే గడ్డి పొట్టిగా కత్తిరించిన ఆట దారి, దాటి పక్క ఫెయిర్‌వేలో పడే స్లైస్‌ను ఏ స్క్రూ కూడా వెనక్కి తేలేదు. తక్కువ స్పిన్ అని అమ్మే చిన్న హెడ్లు వేగం బాగా ఉండి, ఫేస్ మధ్యన తగిలించగలిగేవారి కోసం చేసినవి. మిగతావారు వాటి జోలికి పోకపోవడం మంచిది.

షాఫ్ట్ పొడవు, బరువు

దుకాణంలో దొరికే డ్రైవర్ పొడవు 45 అంగుళాల పైమాటే, 45.75 కూడా మామూలే. నిబంధనల ప్రకారం 48 అంగుళాల దాకా వెళ్లవచ్చు. 2022 నుంచి అగ్రశ్రేణి పోటీల నిర్వాహకులు కోరుకుంటే స్థానిక నియమంగా దాన్ని 46 అంగుళాలకు కుదించే వీలు వచ్చింది. పొడవు పెరిగితే వేగం పెరుగుతుందన్నది నిజమే. అయితే ఆ వేగం ఫేస్ మధ్యన తగిలినప్పుడే బంతికి అందుతుంది. వారానికి ఒకసారి ఆడేవారికి 44.5 లేదా 45 అంగుళాల క్లబ్ ఎక్కువ ఫెయిర్‌వేలు ఇస్తుంది, సగటు దూరం కూడా పెద్దగా తగ్గదు.

పొడవు తగ్గించాలనుకుంటే వెంటనే కోయించకండి. ముందు గ్రిప్‌ను, అంటే చేతిపట్టును, ఒక అంగుళం కిందికి పట్టుకుని కొన్ని రౌండ్లు ఆడి చూడండి. కోయించవలసి వస్తే, అర అంగుళం తగ్గినప్పుడు స్వింగ్ వెయిట్, అంటే తిప్పేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తోస్తుందో చెప్పే కొలత, సుమారు 3 పాయింట్లు పడిపోతుంది, హెడ్ ఉందో లేదో తెలియనంత తేలికగా అనిపిస్తుంది. హెడ్‌కు దాదాపు 2 గ్రాములు కలిపితే ఒక పాయింట్ తిరిగి వస్తుంది కాబట్టి, బరువు మార్చుకునే స్క్రూ ఉన్న హెడ్ అయితే ఈ సర్దుబాటు సులువు.

ఫ్లెక్స్, అంటే షాఫ్ట్ ఎంత వంగుతుందో, చెప్పే అక్షరాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు: ఒక సంస్థ ఆర్ (మామూలు) మరో సంస్థ ఎస్‌తో (గట్టిది) సమానం కావచ్చు, వీటికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. షాఫ్ట్ బరువు అంతకన్నా నమ్మదగిన గుర్తు. 50 గ్రాముల లోపువి నెమ్మదైన స్వింగ్‌కు, 60 గ్రాముల చుట్టుపక్కలవి నడిమి వేగానికి, 70 గ్రాములవి బలంగా, దూకుడుగా కొట్టేవారికి అన్న విభజనతో మొదలుపెట్టవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసింది పైనుంచి కిందికి దిగే మలుపులో మీ లయ. నిదానంగా మలిచి కొట్టేవారికి 100 మైళ్ల వేగం ఉన్నా మెత్తటి షాఫ్ట్ నప్పవచ్చు; పై నుంచి ఒక్కసారి లాగేవారికి 90 మైళ్లకే గట్టి షాఫ్ట్ కావలసి రావచ్చు.

కొట్టి చూసే పద్ధతి

పరీక్షకు మీ పాత డ్రైవర్‌ను, మీరు రోజూ ఆడే బంతులను వెంట తీసుకువెళ్లండి. రేంజ్ బంతులు, అంటే సాధన మైదానంలో ఇచ్చేవి, చాలావరకు నెమ్మదైనవి, స్పిన్ కూడా వేరుగా ఉంటుంది. వాటితో వచ్చిన అంకెలు మైదానంలో పనికిరావు. ఫేస్ మీద పాదాలకు చల్లుకునే పౌడర్ స్ప్రేను పలచగా కొట్టండి. బంతి తగిలిన ప్రతిచోటా దాని గుంటల ముద్ర పడుతుంది. బంతి వేగం, స్పిన్ కొలిచే లాంచ్ మానిటర్ తెర మీది అంకెలను ఎంత చూసినా కనబడని సంగతి ఈ తెల్లటి పొర మీద కనబడుతుంది.

ఒక పెద్దాయనకు క్లబ్ అమర్చుతుండగా పక్కన నిలబడి చూసిన సంగతి చెబుతాను. ఆయన చేతిలో 45.75 అంగుళాల కొత్త డ్రైవర్. కొట్టిన ప్రతిసారీ ఆయన తల ఎత్తి బంతి వైపు చూస్తున్నారు, అమర్చే అబ్బాయి మాత్రం వంగి ఫేస్ వైపు చూస్తున్నాడు. ముద్రలన్నీ హీల్ వైపున, కొంచెం కిందుగా, ఒకదాని మీద ఒకటి పడి రూపాయి బిళ్లంత మరక అయ్యాయి. తెర మీద స్పిన్ 3,600 దాటుతోంది, బంతి కుడికి వంగి పడుతోంది. "ఇంకో షాఫ్ట్ ఇవ్వు బాబూ, ఇది నాకు గట్టిగా ఉంది," అన్నారు ఆయన. ఆ అబ్బాయి షాఫ్ట్ మార్చలేదు. ఫేస్ తుడిచి, మళ్లీ పౌడర్ చల్లి, "చేతులు ఒక్క అంగుళం కిందికి పెట్టుకుని కొట్టండి సార్," అన్నాడు. తరువాతి ముద్రలు ఫేస్ నడుమకు జరిగాయి, రెండు మూడు మధ్య గీతకు పైన కూడా పడ్డాయి. స్పిన్ 2,800కు దిగింది. క్లబ్ అదే, షాఫ్ట్ అదే. ఆయన చివరికి 45 అంగుళాలకు కట్టించుకుని వెళ్లారు.

ముద్ర చోటుకీ బంతి నడతకూ ఉన్న సంబంధం తెలిసి ఉంటే ఈ పరీక్ష ఇంకా ఉపయోగపడుతుంది. డ్రైవర్ ఫేస్ చదునుగా ఉండదు. అడ్డంగానూ నిలువుగానూ ఉబ్బి ఉంటుంది. టో వైపు, అంటే షాఫ్ట్‌కు దూరపు కొసన, తగిలితే హెడ్ తెరుచుకునే దిశగా తిరిగి, పళ్ల చక్రాల మాదిరిగా బంతికి ఎదురు తిరుగుడు ఇస్తుంది; బంతి కుడికి బయలుదేరి ఎడమకు వంగుతుంది. హీల్ వైపు తగిలితే ఎడమకు బయలుదేరి కుడికి వంగుతుంది. ఫేస్ పైభాగాన తగిలిన బంతి ఎత్తుగా లేచి తక్కువ స్పిన్‌తో పోతుంది, దూరం కోరేవారికి అదే మంచి చోటు. కిందిభాగాన తగిలితే తక్కువ ఎత్తులో, ఎక్కువ స్పిన్‌తో పోయి చప్పబడుతుంది. కాబట్టి బంతి కుడికి వంగినప్పుడల్లా స్వింగ్‌నే నిందించకండి, హీల్ మీద ముద్ర ఉందేమో ముందు చూడండి.

లెక్క రాసుకునేటప్పుడు ఏ బంతినీ కొట్టివేయకూడదు. "ఇది లెక్కలోకి రాదు" అంటూ చెడ్డ దెబ్బలను తుడిచేసే అలవాటు అమర్చేవారిలోనూ ఉంది, కొట్టేవారిలోనూ ఉంది. అలా తుడిచిన తరువాత అన్ని డ్రైవర్లూ బాగానే కనబడతాయి. ప్రతి క్లబ్‌తోనూ సమానంగా బంతులు కొట్టి, అన్నిటికన్నా చెడ్డ మూడింటిని చూడండి: అవి ఎంత పక్కకు పోయాయి, మామూలు బంతి కన్నా ఎన్ని గజాలు తగ్గాయి. బంతి వేగంలో గంటకు ఒక మైలు తేడా సుమారు 2 గజాలతో సమానం. బంతి వేగాన్ని హెడ్ వేగంతో భాగిస్తే వచ్చే అంకె 1.50 దగ్గర ఆగిపోతుంది; అది 1.40 దగ్గర ఉంటే మధ్యన తగలడం లేదని అర్థం, కొత్త హెడ్ కన్నా పొట్టి షాఫ్ట్ మీకు ఎక్కువ మేలు చేస్తుంది. అలసిపోయాక వచ్చే దెబ్బలు కూడా చూడవలసినవే, పదహారో హోల్‌లో మీరు కొట్టేది అటువంటి దెబ్బే. వీలైతే మరో రోజు మళ్లీ వెళ్లి, అదే క్లబ్బును ఒళ్లు వేడెక్కకముందు కొట్టి చూడండి.

శబ్దం గురించి ఒక మాట. పలచటి టైటానియం పెట్టె వంటి హెడ్ గణగణ మోగుతుంది, కార్బన్ కలిసినది కొంచెం మూగగా పలుకుతుంది. శబ్దానికీ దూరానికీ సంబంధం లేదు. అయినా చెవికి కటువుగా తోచే క్లబ్‌ను సంచిలోంచి తీయబుద్ధి కాదు కాబట్టి, అది నచ్చకపోతే అంకెలు బాగున్నా కొనకండి.

టీ దగ్గర

సంచిలోని క్లబ్బులన్నిటిలో బంతిని పైకి వెళుతూ కొట్టడానికి అనువైనది డ్రైవర్ ఒక్కటే. బంతిని ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా ఉంచి, సగం బంతి క్రౌన్‌కు పైన కనబడేంత ఎత్తున టీ, అంటే బంతిని నిలిపే పుల్ల, పెట్టాలి. 460 ఘనపు సెంటీమీటర్ల హెడ్ ఎత్తైనది, పాత చిన్న హెడ్ల నాటి పొట్టి టీలు దానికి చాలవు. పాదాలను కొంచెం ఎడం చేసి, కుడి భుజం ఎడమ దానికన్నా కాస్త దిగి ఉండేలా నిలబడితే, హెడ్ బంతిని చేరేసరికి పైదారి పడుతుంది. క్రౌన్ మీద తెల్లటి గీతలు పడుతుంటే టీ ఎత్తు తగ్గించాలని చాలామంది అనుకుంటారు; ఎక్కువసార్లు ఆ గీతలకు కారణం పైనుంచి నరికే స్వింగే. టీ తగ్గిస్తే గీతలు పోతాయి గాని నరకడం ఇంకా పెరుగుతుంది.

కొత్త డ్రైవర్ వచ్చిన మొదటి వారాల్లో అమరికను మార్చకుండా ఉంచండి. రౌండుకు ఒకసారి తాళంచెవి తిప్పేవారికి తప్పు క్లబ్బుదో తమదో ఎప్పటికీ తేలదు. పోటీలో రౌండ్ మొదలైన తరువాత అమరిక మార్చి, ఆ క్లబ్‌తో దెబ్బ కొడితే పోటీ నుంచి తొలగిస్తారు. ఇది క్లబ్ స్థాయి పోటీలకూ వర్తిస్తుంది.

పాతది కొనడం, ఉన్నదాన్ని కాపాడుకోవడం

ఫేస్ వేగానికి 20 ఏళ్లకు పైగా పరిమితి ఉంది కాబట్టి, నాలుగైదేళ్ల నాటి మంచి డ్రైవర్ కొనడం నా దృష్టిలో చాలామందికి సరైన బేరం. కొనే ముందు మూడు పనులు చేయండి. హెడ్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ఏదో గలగలమంటే ఊడిన జిగురు ముక్క కావచ్చు, విరిగిన అతుకు కూడా కావచ్చు. ఫేస్‌కూ క్రౌన్‌కూ మధ్య ఉన్న అంచు వెంబడి గోరు నెమ్మదిగా జరపండి. వెంట్రుకవాసి పగులు కంటికన్నా ముందు గోటికి తెలుస్తుంది. ఫేస్ మీద చిన్న అయస్కాంతం ఆనించండి. టైటానియం దాన్ని ఆకర్షించదు. డ్రైవర్ హెడ్లలో వాడే ఉక్కు సాధారణంగా ఆకర్షిస్తుంది. పేరు టైటానియం, ఒళ్లంతా ఉక్కు అయిన చవక హెడ్లు ఈ పరీక్షలో దొరికిపోతాయి. సోల్ మీది స్క్రూలకు అయస్కాంతం అంటుకుంటే కంగారు పడనక్కరలేదు, అవి వేరే లోహం. అల్యూమినియం కూడా అయస్కాంతానికి స్పందించదు కనుక ఈ ఒక్క పరీక్షతో తృప్తిపడకుండా, పోటీలు ఆడేవారు ఆ హెడ్ పేరు, లాఫ్ట్ యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ ప్రకటించే ఆమోదిత డ్రైవర్ హెడ్ల జాబితాలో ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. నిబంధనలకు మించి ఎగరేస్తుందని చెప్పే హెడ్లు సరదా ఆటకు తప్ప పనికిరావు. 2000లో క్యాలవే ఈఆర్‌సీ డ్రైవర్‌ను యూఎస్‌జీఏ ఈ కారణంగానే అనుమతించలేదు.

టైటానియం తుప్పు పట్టదు గాని అలిసిపోతుంది. వేల దెబ్బల తరువాత ఫేస్ వంగే గుణం కొంచెం పెరగవచ్చు, ఆ తరువాత ఎప్పుడో పగలవచ్చు. పోటీకి అనుమతి ఉన్న హెడ్ కూడా వాడకంలో పరిమితి దాటగలదు; 2019లో రాయల్ పోర్ట్‌రష్‌లో జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్‌కు ముందు అమెరికా ఆటగాడు జాండర్ షాఫెలీ డ్రైవర్ పరీక్షలో తప్పింది. వారాంతపు ఆటగాడికి ఈ బెంగ అక్కరలేదు. ఆయన గమనించవలసింది శబ్దం. నిన్నటి దాకా గణగణమన్న క్లబ్ ఒక్కసారిగా బొంగురుగా, చీలిన డప్పులా పలికితే వెంటనే ఫేస్‌ను పక్కవాటు వెలుతురులో పట్టి చూడాలి. పగిలిన ఫేస్‌తో కొట్టడం కొనసాగిస్తే హెడ్ లోపలికి కుంగిపోతుంది, గ్యారంటీ ఉన్నా దాన్ని నిరూపించుకోవడం కష్టమవుతుంది.

ఎండలో నిలిపిన కారు డిక్కీలో క్లబ్బులను వదలకండి. హెడ్‌నూ షాఫ్ట్‌నూ, గ్రిప్ కింది టేపునూ పట్టి ఉంచే జిగురు వేడికి మెత్తబడుతుంది. హెడ్ కవర్ లేకుండా సంచిలో వేస్తే ఐరన్ల (పలచటి లోహపు హెడ్ ఉన్న క్లబ్బుల) అంచులు గ్రాఫైట్ షాఫ్ట్‌ను కోస్తాయి; పైకి గీతలా కనబడేది ఒకనాడు స్వింగ్ మధ్యలో విరుగుతుంది. స్లీవ్ స్క్రూను ఆ క్లబ్‌తో వచ్చిన తాళంచెవితోనే, టక్‌మని శబ్దం వచ్చేవరకు బిగించాలి. వదులుగా ఉంటే కిర్రుమంటుంది, మామూలు రెంచ్‌తో అతిగా బిగిస్తే మరలు చెడతాయి. ఫేస్‌ను తడిగుడ్డతో తుడిస్తే చాలు. హెడ్‌ను బకెట్ నీటిలో ముంచనవసరం లేదు, స్క్రూ సందుల్లోంచి నీరు లోపలికి చేరవచ్చు.

ఎండు గడ్డి ఉన్న చోట, రాళ్లు తేలిన నేల మీద టైటానియం క్లబ్‌ను ఆడించకపోవడమే క్షేమం. టైటానియం క్లబ్ రాయికి రాసుకుంటే తెల్లటి రవ్వలు లేస్తాయి. అవి ఎండుగడ్డిని అంటించేంత వేడిగా, చాలినంతసేపు మండుతాయని 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ పరిశోధకులు ప్రయోగశాలలో చూపించారు. ఆ రాష్ట్రంలో గోల్ఫ్ మైదానాల అంచున లేచిన కొన్ని మంటలకు కారణం వెదుకుతూ చేసిన ప్రయోగం అది. రఫ్‌లో, అంటే పొడవాటి గడ్డిలో, రాళ్ల మధ్య బంతి పడితే దాన్ని ఐరన్‌తో ఆడండి, లేదా ఒక స్ట్రోక్ పెనాల్టీ తీసుకుని బయట డ్రాప్ చేసుకోండి.